పేజీ మీద నా వెంట్రుక

నేను ఈ ఇంటికి వచ్చిన రెండో వారంలోనే కూరలో వెంట్రుక వచ్చింది. మా ఆయన చూడలేదు. చూసింది ఆయన అక్క. ఆమె నాకు ఆడపడుచు, వరసకి నేను వదినా అనాలి, ఆమె నన్ను మరదలా అనాలి. ఆ వెంట్రుకని రెండు వేళ్లతో మెల్లగా లాగి, దీపం వైపు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, కంచం అంచున జాగ్రత్తగా పెట్టింది.

"మరదలా, ఇది మీ పుట్టింటి దినుసా, నువ్వే కొత్తగా కనిపెట్టావా?"

నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. మూడు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత తలకి గుడ్డ కట్టుకోకుండా నేను పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. ఇరవై ఆరేళ్లు అలాగే గడిచాయి.

మా వదిన పోయి ఏడు నెలలైంది. ఆమె గురించి ఎక్కడ మొదలుపెట్టినా నాకు ఆ వెంట్రుకే ముందు గుర్తొస్తుంది.

చిన్నప్పుడే ఆమెకి ఒంటికన్ను అని పేరు పడిందట. కళ్లకి ఏ లోపమూ లేదు. తాళంచెవి కన్నంలోంచి, గాజు పెంకులోంచి, చుట్టిన కాగితంలోంచి, చేతికి ఏది దొరికితే దాంట్లోంచి ఒక కన్ను మూసుకుని లోకాన్ని చూసేదట. మా ఆయన ఇప్పటికీ ఆ పేరు అనబోయి నాలుక కరుచుకుంటాడు. పద్దెనిమిదో ఏట ఫొటో స్టూడియోలో రీళ్లు కడగడానికి చేరింది. నాలుగేళ్లకి కెమెరా చేతికొచ్చింది. ముప్ఫై ఏళ్లు అక్కడే ఉంది. పెళ్లి చేసుకోలేదు. చుట్టాలు అడిగితే, "ఎవరూ సరిగ్గా ఫోకస్‌లోకి రాలేదండీ" అని నవ్వించేసేది. నాతో మాత్రం ఒకసారి బట్టలు మడతపెడుతూ అంది: "ఒకాయన వచ్చాడే. నొక్కేలోపు కదిలిపోయాడు."

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియోకి మనుషులు రావడం మానేశారు. మూసేసిన రోజు యజమాని ఆమెకి అక్కడున్న డిజిటల్ కెమెరాని సంచితో సహా ఇచ్చి పంపాడు. ఆమె దాన్ని ముందు గదిలో బీరువాలో పెట్టి రెండు నెలలు కిటికీ దగ్గర కూర్చుంది. టీవీ చూసేది కాదు. నాతో గొడవ కూడా పెట్టుకునేది కాదు. అదే నాకు భయం వేసింది.

అప్పుడు దొరికింది ఆ రిజిస్టర్ల పని.

ఊళ్లో పెద్ద ఆస్పత్రిలో పాత పుట్టుకల పుస్తకాలు ఉండేవి. ఏ రోజు ఎవరికి ఏ బిడ్డ పుట్టింది, ఆడా మగా, బరువెంత అని చేత్తో రాసిన పెద్ద పెద్ద పుస్తకాలు. చెదలు కొట్టినవి, తడిసి ఆరినవి. ప్రతి పేజీనీ ఫొటో తీసి కంప్యూటర్లో దాచి, ఆ పుస్తకాల్ని గోతాల్లో కట్టి తీసుకెళ్లి గుజ్జు చేసేస్తారట. ఆస్పత్రివాళ్లు ఆ పని ఏదో చిన్న కంపెనీకి అప్పజెప్పారు. ఆ కంపెనీ మా వదినకి అప్పజెప్పింది. మెట్లెక్కితే మూడో అంతస్తు చివర ఇనుప బీరువాల గది. అందులో ఒక మూల బల్ల, బల్ల మీద స్టాండు, స్టాండుకి నేల చూపులు చూస్తూ, ఆమె రోజూ సంచిలో తీసుకెళ్లి తెచ్చుకునే స్టూడియో కెమెరా, అటొక దీపం ఇటొక దీపం. ఇంకో మనిషి ఉంటే రికార్డు గది ఆయనే. చెవులు కొంచెం మందం, అందుకని ఆయన అందరితోనూ అరిచి మాట్లాడేవాడు.

వదిన చేరిన మొదటి వారంలోనే ఒక సంగతి జరిగింది. యాభై ఏళ్ల ఆవిడ ఎవరో తన పుట్టిన తేదీకి రుజువు కావాలని కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ సంవత్సరం పుస్తకాన్ని వదిన కంటే ముందున్న మనిషి ఫొటో తీసి వెళ్లిపోయాడు. పుస్తకం గుజ్జయిపోయింది. రికార్డు గది ఆయన ఆ పేజీ తెరిచాడు. తెర నిండా పొగమంచు. గీతలు ఉన్నట్టే ఉన్నాయి గానీ ఒక్క అక్షరం తెలియడం లేదు. ఆవిడ చాలాసేపు చూసి, తెర మీద వేలు పెట్టి, "ఇదేనా నేను?" అందట.

ఆ మాట వదిన మాకు చెప్పినప్పుడు భోజనం చేస్తున్నాం. చెప్పి, చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. సగం కంచం అలాగే ఉంది.

ఆ ముందు మనిషి చేసిన తప్పేమిటో నాకు తర్వాత తెలిసింది. లెన్సు పక్కన చిన్న మీట ఉంటుంది. ఒక వైపు ఉంటే ఫోకస్ లెన్సే చూసుకుంటుంది, ఇంకో వైపుకి తోస్తే మన చేత్తో మనం తిప్పుకోవాలి. అతను లెన్సుకి వదిలేశాడు. పాత సిరా వెలిసిపోయి కాగితం రంగులో కలిసిపోతే, లెన్సుకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. గుర్రు గుర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరిగి, విసుగొచ్చిన మనిషిలా ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆ ఆగిన చోట ఏముందో చూడకుండా నొక్కేశాడు.

"దానికి అంతే చేతనవును, పాపం. చూడాల్సింది మనిషి కదా," అనేది వదిన. చేరిన రోజే ఆ మీటని చేతి వైపుకి తోసి, మళ్లీ తోయకుండా దాని మీద టేపు అతికించింది.

కానీ వెలిసిన సిరా మనిషి కంటికి మాత్రం ఏం ఆనుతుంది? కంపెనీవాళ్లు గళ్లూ గీతలూ ఉన్న ఒక అట్ట ఇచ్చారు. దాన్ని పేజీ మీద పెట్టి, దానికి ఫోకస్ చేసి, తీసేసి ఫొటో తియ్యాలి. కానీ ఆ అట్ట మందం. అట్ట మీద గీత కత్తిలా వచ్చేది, దాని కింద ఉన్న పేజీలో అక్షరం మెత్తబడిపోయేది. అలా రెండు పుస్తకాలు వెనక్కి వచ్చాయి. తనిఖీకి వచ్చే ఆయన్ని వదిన భూతద్దం అని పిలిచేది. పుస్తకానికి వంద ఫొటోలు ఆయన ఇష్టమొచ్చినవి తెరిచి చూస్తాడు. మూడు తప్పుల దాకా సరే. నాలుగో తప్పు దొరికితే పుస్తకమంతా వెనక్కి. మూడోసారి పుస్తకం వెనక్కొస్తే మనిషే వెనక్కి.

రెండోది వెనక్కొచ్చిన సాయంత్రం వదిన వంటింటి గడపలో నిలబడింది.

"మరదలా, నీ వెంట్రుక ఒకటి ఇయ్యి."

"ఏంటీ?"

"వెంట్రుకే. నాది చూడు, అంతా ముగ్గుబుట్ట. కాగితం మీద పెడితే కనబడి చావదు. నీది ఇంకా నల్లగా ఉంది."

"ఇరవై రెండేళ్ల కిందట అదే వెంట్రుకకి మూడు రోజులు మాట్లాడలేదు మీరు."

"అప్పుడు కూరలో వేశావ్. అడగకుండా వేశావ్. ఇప్పుడు నేను అడుగుతున్నా."

నేను తల గుడ్డ విప్పి, దువ్వెనలో ఉన్నవి తీసి ఇవ్వబోయాను. "ఆ చిక్కుముడి నాకెందుకు, ఒక్కటి, నిటారుగా ఉన్నది ఇయ్యవే," అని తనే వచ్చి నా తలలోంచి ఒకటి పీకింది. అబ్బా అన్నాను. "అంత నొప్పా? కూరలోకైతే ఊరికే రాలుతాయి," అంది.

వెంట్రుకకి మందం ఉండదు కదా. పేజీని అంటుకుని ఉంటుంది. దాని రెండు చివర్లా చిన్న బరువు సంచులు పెట్టి పేజీ మధ్యలో అడ్డంగా పరుచుకునేది. పాత నల్లచీర చింపి ఇసుక పోసి ఆ సంచులు నేనే కుట్టిచ్చాను. కెమెరా వెనక తెరని పదింతలు పెద్దది చేసి, ఆ నల్ల గీత సన్నగా, ఒంటరిగా, పదునుగా అయ్యేదాకా రింగు తిప్పేది. తిరగకుండా రింగు మీద కాగితం టేపు వేసి, వెంట్రుక తీసేసి, ఫొటో నొక్కేది. పేజీలు తిరిగేకొద్దీ పుస్తకం ఎత్తు ఇటు తగ్గి అటు పెరుగుతుంది. అందుకని ఇరవై పాతిక పేజీలకోసారి టేపు పీకి, వెంట్రుక పరిచి, మళ్లీ మొదటి నుంచి. నా వెంట్రుకల్ని పాత రీలు డబ్బీలో దాచుకునేది. ఆ తర్వాత నాలుగేళ్లలో ఒక్క పుస్తకం కూడా వెనక్కి రాలేదు. "నా చేతి మీద ఒక్క పేరు కూడా పోలేదే," అని చెప్పుకునేది. ఆమె దేని గురించీ గొప్పలు చెప్పుకోగా నేను వినలేదు, అదొక్కటి తప్ప.

మొత్తం అరవై నాలుగు పుస్తకాలు. యాభై తొమ్మిదో పుస్తకం దగ్గర వదిన కుడికంటికి పొర కమ్మింది.

"ఎడమ కంటితో చూడండి," అన్నాను.

"దాన్ని ముప్ఫై ఏళ్లు మూసే పెట్టాను. దానికి చూడటం ఎక్కడొచ్చు?"

డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. అరవై నాలుగూ అయ్యాక చేయించుకుంటానంది. కంపెనీకి చెబితే ఇంకెవరినో పెడతారు, ఆ ఇంకెవరో మీటని అటువైపు తోస్తాడు. మా ఆయన అరిచాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు, ఏదైనా మొరాయిస్తే ముందు కరెంటు ఆపాలంటాడు. "ఆపు అక్కా, కొన్నాళ్లు ఆపు," అన్నాడు. అక్క వినలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు రా."

"నేనొచ్చి ఏం చేస్తాను? ఏడో తరగతి దాకా చదివినదాన్ని."

"నీకు చదువక్కర్లేదు, చూపు కావాలి. పేజీలు తిప్పడానికి మనిషిని తెచ్చుకుంటానని కంపెనీకి చెబుతా. నేను రింగు తిప్పుతా. వెంట్రుక ఒకటిగా ఉందో, బొద్దుగా ఉందో నువ్వు చెప్పు."

అలా రెండు నెలలు వెళ్లాను. పొద్దున్నే వంట ముగించి, డబ్బాలు కట్టుకుని, ఇద్దరం మూడు అంతస్తులు ఎక్కేవాళ్లం. ఆమె ప్రతి మలుపులోనూ ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడేది. చూడటానికి అక్కడ ఏముందీ, నీళ్ల ట్యాంకు గోడ. ఊపిరి అందక ఆగేదని నాకు తెలుసు. నేను కూడా ట్యాంకు గోడనే చూసేదాన్ని.

ఆఖరి పుస్తకాలు వరద నీళ్లలో తడిసి ఆరినవి. పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, పలచటి అట్టముక్క దూర్చి విడదీస్తే గానీ వచ్చేవి కావు. రోజుకి నలభై పేజీలు అయితే గొప్ప. దీపాల వేడికి ముఖం మాడేది. సాయంత్రానికి నాకు గోడ మీద కూడా వెంట్రుకలు కనబడేవి.

వదిన స్టూలెక్కి నిలబడి, తెర మీదికి వంగి, వేళ్ల కొసలతో రింగు తిప్పేది.

"ఇప్పుడు?"

"ఇంకా ఉన్ని దారంలా ఉంది వదినా."

"ఇప్పుడు?"

"సన్నబడింది. ఇంకొంచెం. ఇంకొంచెం. అయ్యో, మళ్లీ ఉబ్బింది."

"ఉబ్బాలి. దాటితే గానీ ఎక్కడ బాగుందో తెలియదు. దాటించి వెనక్కి వస్తా, చూడు. ఇప్పుడు?"

"ఆ. ఇప్పుడు గీత."

టేపు.

ఆ పనిలో నాకు వచ్చిన మాటలు ఈ రెండే. ఉన్ని దారం, గీత. వాటితోనే నాలుగు పుస్తకాలు అయ్యాయి.

అరవై నాలుగో పుస్తకం చివర ఇరవై రెండు పేజీలు మిగిలాయి. గురువారం మధ్యాహ్నం. వదిన కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు, వట్టి కాళ్లతో స్టూలెక్కింది. తెర చూడాల్సిన నేను ఆ కాళ్లు చూస్తున్నాను. ఒక చేత్తో స్టాండు పట్టుకుని, ఇంకో చేత్తో రింగు తిప్పుతోంది.

"ఇప్పుడు?"

నేను తెర వైపు ఒక్కసారి చూశాను. ఉన్ని దారమే. మరీ లావు కాదు గానీ, ఉన్ని దారమే. ఇంకా తిప్పాలి, దాటాలి, వెనక్కి రావాలి. అంటే ఇంకో ఐదు నిమిషాలు ఆ కాళ్ల మీద.

"ఆ, బాగుంది వదినా."

నాకది కొత్త కాదు. మా ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా, ఒంట్లో బాగుందా, ఈ రంగు చీర నచ్చిందా, నీకేం ఇబ్బంది లేదు కదా, దేనికైనా నేను ముందు ఆ అనేస్తాను. ఎదుటివాళ్లు కూర్చుంటారని, గొడవ తెగుతుందని. ఇన్నేళ్లలో ఆ మాట వల్ల నష్టం ఎవరికీ కలగలేదు, కలిగితే నాకే. వదిన నా మాట నమ్మి టేపు వేసి, దిగి, కూర్చుంది. మిగతా ఇరవై రెండూ కూర్చునే నొక్కింది.

అయిపోయాక పుస్తకం అట్ట మూసి, దాని మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. రికార్డు గది ఆయన "అయిపోయిందా!" అని బిల్డింగంతా వినబడేలా అరిచాడు. "మెల్లగా అరవండి, పుస్తకం నిద్రపోయింది," అంది.

కిందికి దిగుతూ రెండో అంతస్తు మెట్ల మీద కూలబడిపోయింది.

గుండె నీరసించిందని, కొన్ని నెలలుగా నీరసిస్తూనే ఉందని, మంచం దిగకూడదని డాక్టరు చెప్పాడు. శుక్రవారమంతా పడుకునే ఉంది. మాత్రల మత్తులోనే నవ్వింది. "ఒక్క పేరు కూడా పోగొట్టలేదే మరదలా. సోమవారం భూతద్దం వస్తాడు, చూసుకోనీ."

నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. అప్పటికి కడిగిన గిన్నెల్నే మళ్లీ కడిగాను.

నోరు మూసుకుంటే సరిపోయేది, అది నాకు తెలుసు. పుస్తకంలో ఉన్నవి రెండువందల ముప్ఫై మూడు పేజీలు. ఆయన చూసేది వంద. ఆ ఇరవై రెండులో నాలుగు ఆయన కంటపడితే వదిన పేరు పోతుంది, అరవై నాలుగో పుస్తకం దగ్గర. కంటపడకపోతే ఇంకా అన్యాయం. పుస్తకం పాసవుతుంది, గోతంలోకి పోతుంది, ఆ పేజీల్లో పుట్టిన రెండువందల మంది పొగమంచులో మిగులుతారు. ఎప్పుడో ఒకరు వచ్చి తెర మీద వేలు పెడతారు. అప్పటికి వదినా ఉండదు, నేనూ ఉండను. అడిగేవాళ్లు ఉండరు. నాకు ఆ రెండోదే ఎక్కువ బరువనిపించింది.

శనివారం పొద్దున వదినకి దిండు సర్దుతూ చెప్పేశాను.

"గురువారం నేను సరిగ్గా చూడలేదు. ఉన్ని దారంలానే ఉంది. ఆ అనేశాను."

ఆమె గోడవైపు తిరిగింది. తిడితే బాగుండును అనుకున్నాను.

"ఎన్ని?"

"ఆఖరి ఇరవై రెండూ."

"ఎందుకన్నావ్?"

"మీ కాళ్లు..."

"నా కాళ్ల గురించి నిన్ను అడిగానా?" గొంతులో బలం లేదు, కానీ ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఇటు తిరిగి, "బీరువాలోంచి కెమెరా తీసుకురా," అంది.

మంచం మీదే నేర్పింది. దిండు గలీబు మీద నా వెంట్రుక ఒకటి పెట్టించి, కెమెరా నా చేతుల్లో పెట్టి, నా వేళ్లని రింగు మీద తనే ఉంచింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. "గట్టిగా పట్టుకోకే, సీసా మూత కాదు. ఆ. తిప్పు. దాటించు. దాటించడానికి భయపడకు. ఇప్పుడు వెనక్కి."

"బాగుందా వదినా?"

"నన్నడుగుతావేంటి? నాకు కనబడి చస్తే కదా. నువ్వు చెప్పు."

మా ఆయన కెమెరా సంచి మోసుకుని నాతో ఆస్పత్రికి వచ్చాడు. మెట్లెక్కుతూ, "నువ్వేంటి, ఫొటోలేంటి? పొయ్యి మంట తగ్గించాలన్నా నన్ను పిలుస్తావ్ కదా," అన్నాడు.

"పిలిచేది మీరు వంటింట్లోకి రావాలని," అన్నాను. సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. పాపం, ఆయనకీ మనసు బాగోలేదు. గది బయట బెంచీ మీద కూర్చుని మూడు గంటలు కదల్లేదు.

రికార్డు గది ఆయన మధ్యాహ్నం ఒంటిగంటకి తాళం వేసేస్తానని అరిచి చెప్పి పోయాడు. దీపాలు వేసి, కెమెరాని స్టాండుకి బిగించి, పుస్తకం తెరిచి, వెంట్రుక పరిచి, స్టూలెక్కాను. రింగు తిప్పాను. దాటింది, వెనక్కి వచ్చాను. గీత అయింది. అయిందనే అనిపించింది. "ఇప్పుడు?" అని పైకే అన్నాను. బదులెవరిస్తారు? రెండు దీపాలు, ఇనుప బీరువాలు. మళ్లీ దాటించాను. మళ్లీ వెనక్కి వచ్చాను. అలా ఎన్నిసార్లు చేశానో. మెడ పట్టేసింది, కళ్లు నీళ్లు కారాయి, కంటనీరు పేజీ మీద పడుతుందేమోనని కొంగుతో తుడుచుకుంటూ చూశాను. ఇంతకంటే సన్నగా ఇక అవ్వదు అని నాకే తెలిసినప్పుడు టేపు వేశాను. ఎవరూ నాకు ఆ అనలేదు.

ప్రతి ఫొటో తీశాక పెద్దది చేసి అక్షరాలు చూసుకున్నాను. ఎనిమిదో పేజీ దగ్గర అనుమానం వచ్చి టేపు పీకి మళ్లీ మొదలుపెట్టాను. ఒంటిగంటకి ఐదు నిమిషాలు ఉండగా ఇరవై రెండూ అయ్యాయి. కెమెరాలోంచి ఫొటోల కార్డు తీసి రికార్డు గది ఆయన చేతికిచ్చి, పాతవి తీసేసి ఇవి పెట్టమని, ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాను. జీవితంలో నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. బెంచీ మీది మనిషి ఉలిక్కిపడి లోపలికి తొంగి చూశాడు.

సోమవారం వదిన బదులు నేనే వెళ్లి కూర్చున్నాను. భూతద్దం సన్నగా పొడుగ్గా ఉన్నాడు, మాటకి ముందు ముక్కు గోక్కుంటాడు. ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. ముప్ఫై. అరవై. ఎనభై. తప్పు లేదు. ఎనభై ఏడో ఫొటో దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా?"

చూశాను. నేను తీసినవాటిలో ఎనిమిదో పేజీ. పేజీ మధ్యలో, ఈ గీత దగ్గర్నుంచి ఆ గీత దాకా, నల్లగా, నిటారుగా, నా వెంట్రుక. పరిచాను, ఫోకస్ చేశాను, సంచులు తీసి వెంట్రుక తియ్యడం మరిచిపోయాను. అక్షరాలు చూసుకున్నాను గానీ, రెండు నెలలు చూసి చూసి అది నాకు పేజీలో భాగమే అయిపోయింది.

"వెంట్రుకండీ."

"ఎవరిది?"

"నాదే."

ఆయన దాన్ని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. మోకులా అయింది. ముక్కు గోక్కున్నాడు. "ఫోకస్ మాత్రం దీని మీదే బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు. ఒక తప్పు వేసుకున్నాడు.

"మళ్లీ తీసిస్తానండీ. పుస్తకం ఇక్కడే ఉంది."

"చదవడానికి అడ్డం లేదుగా. వద్దులే. గోతాలవాళ్లు కింద కాచుకుని ఉన్నారు."

వంద పూర్తయ్యాయి. తప్పు ఆ ఒక్కటే. సంతకం పెట్టాడు. ఆ ఇరవై రెండు పేజీల్లో ఆయన తెరిచింది కూడా అదొక్కటే. అంటే పాత ఫొటోలే ఉండి ఉంటే, అప్పుడూ ఒక్క తప్పే పడేది. పుస్తకం అప్పుడూ పాసయ్యేది. మెట్లు దిగుతూ ఆ సంగతి తట్టి, రెండో అంతస్తు మలుపులో ఆగిపోయి, ట్యాంకు గోడని చూస్తూ నిలబడ్డాను. కింద గోతాల్ని బండిలోకి విసురుతున్న చప్పుడు వినబడింది.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. వదిన కళ్లు మూసుకుని వింది. వెంట్రుక మాట దగ్గర పెదవి కదిలింది.

"మొత్తానికి ఆస్పత్రివాళ్లకి కూడా వడ్డించావన్నమాట."

నేను నవ్వలేకపోయాను. ఆమె నవ్వబోయింది, దగ్గొచ్చింది. నీళ్లు తాగించాను.

"అది ఏ వరస మీద పడింది?"

"ఆరో వరస వదినా. బిడ్డకి పేరు రాయలేదు. ఆడపిల్ల. రెండు కిలోల ఏడువందలు. తెల్లారి నాలుగింటికి."

"చదవగలిగావా?"

"చదివాను."

"సరే మరి," అంది. అంతే. తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది. ఆ తర్వాత నలభై రోజులు ఉంది. కంటి ఆపరేషన్ చేయించుకోలేదు.

కెమెరా ముందు గదిలో బీరువాలోనే ఉంది. పక్కన రీలు డబ్బీ. డబ్బీ ఒకసారి తెరిచి మూసేశాను. నా తల కూడా ఈ ఏడు నెలల్లో తెల్లబడింది, ఇప్పుడైతే ఆ డబ్బీలోవి ఎవరివో అనిపిస్తాయి. మధ్యాహ్నాలు పని అయ్యాక అప్పుడప్పుడు కెమెరా తీసి కిటికీ వైపు పెట్టి చూస్తాను. రింగు మీద నేను వేసిన టేపు అలాగే ఉంది. అందుకని కిటికీ మసక, ఎదురింటి మేడ మసక, మంచం మసక. ఆ పుస్తకం ఉన్నంత దూరంలో పెట్టిన వస్తువు మాత్రమే తేటగా కనిపిస్తుంది. ఒక చేత్తో కెమెరా పట్టుకుని, రెండో చెయ్యి చాచి చూస్తే, గాజులు కనిపిస్తాయి.

మొన్న మా ఆయన చూసి పక్కన కూర్చున్నాడు. కెమెరా అటూ ఇటూ తిప్పి, "ఆ టేపు జిగురు పట్టేస్తుందే. తీసెయ్యనా?" అన్నాడు.

కెమెరా ఇమ్మని చెయ్యి చాచాను. కిటికీ వెలుగులోకి జరిగి, టేపు అంచుని గోటితో కొంచెం ఎత్తి చూశాను.

"ఇంకా పట్టలేదు. ఉండనివ్వండి," అన్నాను.